బోణీ బస్తా

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక్క మాట. అనడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. దించుకోవడానికి మాత్రం ఇంతకాలమైనా చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గరకు వచ్చాను. ఇంట్లోవాళ్లకు చెబుదామని ఎన్నోసార్లు నోరు తెరిచి, చివరి క్షణంలో కాఫీ తాగుతారా అని అడిగి లేచి వెళ్లిపోయాను.

నేను కుదురుగా కూర్చోలేని మనిషిని. ఎవరింటికి వెళ్లినా కుర్చీ తుడిచి గానీ కూర్చోను. మొన్నమొన్నటిదాకా బస్సులో సీటు, కిటికీ ఊచలు కూడా తుడిచేదాన్ని, పక్కవాళ్లు వింతగా చూసినా సరే. పొద్దున్న కిటికీలోంచి ఎండ పడితే, ఆ వెలుగులో తేలే ధూళిని మా వారు పేపరు పక్కన పెట్టి మరీ చూస్తారు. నేను లేచి కిటికీ వేసేస్తాను. వంటింట్లో ఎవరైనా పిండి జల్లిస్తుంటే ఆ చప్పుడుకు నాకు చెమటలు పడతాయి. ఈవిడకు దుమ్ము పడదండీ అని ఆయన చుట్టాలకు చెబుతుంటారు. పడదు, నిజమే. ఎందుకు పడదో ఆయనకు తెలియదు. ఇది చదివితే నేనే రాశానని గుర్తుపడతారా? పడితే పడనివ్వండి. దాచి దాచి అలసిపోయాను.

పేర్లు మార్చాను. ఊరి పేరు చెప్పను. రాజమండ్రికి దిగువన కాలువ గట్టు మీద ఒక చిన్న ఫ్యాక్టరీ అనుకోండి. తొంభైల నాటి మాట. అప్పటికి మా వైపు వరిచేలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులైపోతున్నాయి. నిన్నటిదాకా పచ్చగా ఉన్న చోట ఇవాళ నీళ్లు, ఆ నీళ్లకు గాలి పట్టించడానికి గిరగిరా తిరిగే చక్రాలు. చెరువుల్లో జబ్బులు రాకుండా చల్లే తెల్లటి మందు ఒకటి ఉండేది. ఒక పెద్ద కంపెనీ దాన్ని గడ్డలుగా పంపేది. మేము మిల్లులో ఆడించి, పొడిని ప్యాకెట్లలో నింపి తిరిగి పంపేవాళ్లం. తడి తగిలితే చురుక్కుమనే మందు అది. క్రిములు చచ్చేది ఆ గుణం వల్లే. పొడి ఎంత మెత్తగా ఉంటే నీళ్లలో అంత తొందరగా కరుగుతుంది కాబట్టి చెరువుల వాళ్లు మెత్తటిదే అడిగేవారు. ఆడించేవాళ్లూ అంతకంతకూ మెత్తగానే ఆడించేవారు.

ఊపిరితిత్తుల్లో కూడా తడే ఉంటుంది. ఈ సంగతి మాత్రం ఎవరూ నోరు తెరిచి అనలేదు. అనవలసింది నేను.

నేను అక్కడ కెమిస్టుని. ఎమ్మెస్సీ చదివి, రెండేళ్లు ఇంట్లో ఖాళీగా కూర్చుని, పెళ్లి సంబంధాల వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులు చెప్పి చెప్పి విసిగిపోయాక దొరికిన ఉద్యోగం. ల్యాబ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. గోడౌన్ పక్కన ఒక చిన్న గది. ఒక త్రాసు, ఒకదాని మీద ఒకటి పేర్చే ఇత్తడి జల్లెడలు, ఒక మైక్రోస్కోపు, లోపలి తేమను పీల్చేసే గుళికలు అడుగున పోసిన మూత బిగుతు గాజు జాడీ ఒకటి. గది తలుపు మీద నా పేరు ఉండేది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ పేరు చూసుకోవడానికే పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లేదాన్ని.

నా పనుల్లో ముఖ్యమైంది పొడి ఎంత సన్నగా ఉందో కొలవడం. పైన పెద్ద కన్నాల జల్లెడ, దాని కింద చిన్న కన్నాలది, ఇంకా కింద ఇంకా చిన్నది, అన్నిటికీ అడుగున పళ్లెం. పొడి పోసి కుదిపితే ఏ సైజు గింజ ఆ సైజు దగ్గర ఆగుతుంది. అన్నీ దాటి అడుగు పళ్లెంలో పడిన దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, కంటి దగ్గరి గాజు మీద గీసిన కొలత గీతలతో పోల్చి చూడాలి. పెద్ద గింజలు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. అసలు భయం ఆ పళ్లెంలో పడేవాటితోనే. అవి గాలిలో తేలుతూ ఉంటాయి, పీలిస్తే ఛాతీ అడుగుదాకా పోతాయి. పొడిలో అలాంటివి ఎక్కువుంటే చేత్తో ప్యాక్ చేయకూడదని కంపెనీ నియమం. మూసి ఉన్న మిషను పెట్టాలి, దుమ్ము లాగేసే గొట్టాలు పెట్టాలి. తక్కువుంటే చేత్తో నింపుకోవచ్చు. ఏటా సీజను మొదట్లో నేను కొలిచి సంతకం పెట్టి పంపాలి. ప్యాకింగ్ షెడ్డులో ఆడవాళ్లు పీల్చే గాలి నా సంతకం మీద ఆధారపడి ఉంది. అప్పుడు దాన్ని ఇలా అనుకోలేదు. రిపోర్టు అనుకున్నాను.

ఇక బోణీ బస్తా సంగతి చెప్పాలి.

మా ఓనర్ గారు భక్తిపరుడు, మెత్తటి మనిషి. పొద్దున్న మిల్లు వేసే ముందు కొబ్బరికాయ కొట్టి కర్పూరం వెలిగించేవారు. ఆ రోజు ఆడించిన మొదటి బస్తాకు కుంకుమ బొట్టు పెట్టి, గోడౌన్ గుమ్మం దగ్గర వినాయకుడి పటం కింద మూతి విప్పి ఉంచేవారు. మర్నాటి పూజ దాకా అది అక్కడే ఉండాలి. దాన్ని అందరూ బోణీ బస్తా అనేవారు. కొలతకు పొడి అందులోంచే తీయడం వాడుక. నాకు ముందున్న పెద్దాయనా అలాగే తీసేవారట. "శుభమా అని బోణీ బస్తాలోంచి తియ్యండమ్మా" అన్నారు ఓనర్ గారు నేను చేరిన కొత్తలో. నాకు ముచ్చటేసింది. అలాగే తీశాను.

ఆ పొడి బరకగా వచ్చింది. చాలావరకు పై జల్లెడల్లోనే ఆగిపోయింది, అడుగు పళ్లెంలో పడింది చిటికెడు. అలాగే రాసి పంపాను. కంపెనీ నుంచి వచ్చిన ఆఫీసరు నా పని చూసి, మీ జిల్లాలో ఇంత శుభ్రంగా ఎవరూ కొలవడం లేదండీ అని మెచ్చుకున్నాడు. ఆ మాట నేను ఇంటికి మోసుకెళ్లి అందరికీ చెప్పాను. ఈ మొదటిసారి నేను నిజంగానే మోసపోయాను. ఇది నన్ను నేను కాపాడుకోవడానికి అంటున్నది కాదు. ఆ తర్వాత చేసిన దానికి ఇది అక్కరకు కూడా రాదు.

మరుసటి శ్రావణంలో ఒక మధ్యాహ్నం ఏదో పని మీద ప్యాకింగ్ షెడ్డులోకి వెళ్లాను. రేకుల షెడ్డు. పది పన్నెండు మంది ఆడవాళ్లు నేల మీద కూర్చుని చేటలతో పొడి తీసి ప్యాకెట్లు నింపుతున్నారు. అందరికీ ముక్కూ నోరూ కప్పి తడిపిన పాత గుడ్డ కట్టు. ఒక్క కళ్లే కనిపిస్తున్నాయి. మాట్లాడి బయటికి వచ్చేసరికి నా కళ్లద్దాలు మసకబారాయి. తుడవబోతే వేలికి తెల్లగా అంటింది. ఎందుకో తుడవకుండా గదికి వెళ్లి, ఆ అద్దం మీది పొడిని గాజు పలక మీద రాసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఊరికే. చూద్దామని.

ఏ ఒక్క గింజా ఒక కొలత గీత నుంచి పక్క గీత దాకా కూడా లేదు. గీతకూ గీతకూ మధ్య గుంపులు గుంపులుగా ఉన్నాయి. అంత సన్నం.

అప్పుడు అర్థమైంది నాకు. పొద్దున్న మిల్లు అప్పుడే మొదలై సరిగ్గా పట్టు దొరకక మొదటి బస్తా ఎప్పుడూ బరకగానే వస్తుంది. పైగా దాన్ని మూతి విప్పి కాలువ పక్క గాలికి ఉంచుతాం. మా గోదావరి గాలి సంగతి మీకు తెలుసు కదా, వానాకాలంలో ఉప్పు డబ్బాలో ఉప్పు నీరవుతుంది. మందు ఆ చెమ్మ పీల్చుకుంటుంది. సన్నటి గింజలు ఒకదానికొకటి అంటుకుని ఉండలు కడతాయి. ఉండలను నేను గింజలనుకుని కొలిచాను. మధ్యాహ్నపు బస్తాలోంచి గుప్పెడు పొడి తెచ్చి మూత బిగుతు జాడీలో పెట్టాను. ఎండిన పొడిని మర్నాడు జల్లించాను. జల్లెడలన్నీ దాటుకుని దాదాపు అంతా అడుగు పళ్లెంలోకి దిగింది. మరోసారి చేశాను. మళ్లీ అంతే.

నేనేం చేశానో చెప్పమంటారా? జల్లెడలు కడిగాను. వేడినీళ్లు తెప్పించి, బ్రష్షుతో, ఒక్కో కన్నం తోమినట్టు తోమాను. పళ్లెంలో పొడిని కాలువలో పారబోశాను. చేతులు కడుక్కున్నాను. మళ్లీ కడుక్కున్నాను.

ఎందుకు చెప్పలేదు? ఇన్నేళ్లలో నాకు నేను చాలా కారణాలు చెప్పుకున్నాను. మిషను పెట్టేదాకా షెడ్డు మూసేస్తారు, ఊడ్పులు లేక ఇక్కడికి వచ్చిన ఆడవాళ్ల సీజను పోతుంది అనుకున్నాను. ఈ కారణం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఇందులో నేను మంచిదాన్ని. ఓనర్ గారికి కోపం వస్తుందనుకున్నాను. రాదు. మీరేం రాస్తే అదేనమ్మా అనేవారు ఆయన, నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఏమీ అడగలేదు కూడా. ఉన్నది ఒక్కటే. అంతకుముందు ఏడాది సంతకం పెట్టిన రిపోర్టు తప్పని నా నోటితో నేనే చెప్పాలి. జిల్లాలో ఇంత శుభ్రంగా ఎవరూ కొలవరన్న ఆఫీసరుకు చెప్పాలి. ఆడపిల్లకు ఉద్యోగమేంటన్న మా పెదనాన్నకు తెలుస్తుంది. తలుపు మీది పేరు చూసుకుని మురిసిపోయిన మనిషిని, ఆ పేరు పక్కన "తప్పు" అన్న మాట ఊహించుకోలేకపోయాను. అంతే. ఇంత చిన్న విషయం. ఒక మనిషి ఊపిరి పక్కన పెట్టి చూడండి, ఎంత చిన్నదో.

అయినా ఇంకా చేయి దాటిపోలేదు. మరుసటి రిపోర్టుకు గడువుంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని తిరుగుతున్నాను. గదిలో కూర్చోలేను, గట్టు మీద నిలబడలేను. అలా తిరుగుతున్న రోజుల్లోనే సత్యవతి నా గుమ్మంలోకి వచ్చింది.

సత్యవతి ప్యాకింగ్ ఆడవాళ్లకు పెద్ద. నాకంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. నవ్వు మొహం, గట్టి గొంతు, పని చేయిస్తూ అందరినీ ఆటపట్టిస్తుండేది. ఆ రోజు మాత్రం చెప్పులు బయట విప్పి, గుడ్డ కట్టు మెడ మీదకు లాక్కుని, గుమ్మానికి అవతలే నిలబడింది.

"మేడంగారండీ, ఓ మాట అడగొచ్చాండీ?"

"అడగండి సత్యవతి గారూ."

"మీరా జల్లెళ్లు పట్టి కొలుస్తారు కదండీ, అది దేనికండీ?"

చెప్పాను. చెప్పడం నాకు బాగా వచ్చు. "గింజ పెద్దదైతే ముక్కులోనే ఆగిపోతుంది, చీదేస్తే పోతుంది. బాగా సన్నదైతే ఆగదు. గుండెల్లోకి దిగిపోతుంది. ఏది ఎంతుందో చూడ్డానికి కొలుస్తాం."

"మరి మనదేంటండీ? ఆగేదా, దిగిపోయేదా?"

ఇదే ఆ క్షణం. ఆవిడ నా మొహంలోకి చూస్తోంది. నా వెనక బల్ల మీద మైక్రోస్కోపు ఉంది. జవాబు దాని కింద చూసి వారం కూడా కాలేదు. నోరు తెరిచినప్పుడు ఏం చెప్పబోతున్నానో నాకే తెలియదు, ఒట్టు.

"బరకేనండి," అన్నాను. "ముక్కు దాటదు."

"అమ్మయ్య, బతికించారండీ. మా ఆడోళ్లదొకటే గోలండీ, గుండెల్లో మంటెడతందని. ఈ గుడ్డ కట్టుకుంటేనేమో ఉక్కపోసి చచ్చిపోతన్నామండీ. మరైతే తీసేయొచ్చాండీ?"

"మీ ఇష్టం."

"ఆయ్. మీరు చెప్పాక ఇంకేంటండీ."

వెళ్లిపోయింది. కాసేపటికి షెడ్డులోంచి ఆవిడ గట్టి గొంతు వినిపించింది. "ఏమే, మేడంగారు కొలిచి చెప్పారు, బరకేనంట! తీసెయ్యండే ఆ కట్లు!" ఆ తర్వాత నవ్వులు. సాయంత్రం నేను అటుగా వెళ్తే అందరి మొహాలూ కనిపించాయి. అంతవరకు కళ్లు మాత్రమే తెలిసిన ఆడవాళ్ల ముక్కులూ నోళ్లూ అప్పుడే చూశాను. నన్ను చూసి నవ్వారు. నేనూ నవ్వాను.

బరకే. ఆ ఒక్క మాటే. ఇంకొకటి కూడా ఉందేమో: మీ ఇష్టం. ఈ రెండోది తలచుకుంటే నామీద నాకే ఒళ్లు మండుతుంది. ఏ సంగతీ తెలియని మనిషి మీదకు ఇష్టాన్ని తోసేసి పక్కకు తప్పుకున్నాను. ఆ మాటతో రిపోర్టు కూడా తేలిపోయింది. సత్యవతితో బరక అన్నాక కాగితం మీద మెత్తన అని ఎలా రాస్తాను? బోణీ బస్తాలోంచి గుప్పెడు తీసి, చెమ్మ మీదే జల్లించి, బరక అని రాసి సంతకం పెట్టాను. ఈసారి తెలిసి. ఆ తర్వాత ఏటా అంతే. ఓనర్ గారి పూజ నాకు మంచి అండ అయింది. అడిగితే వాడుకండీ అనొచ్చు. ఎవరూ అడగలేదు.

కొన్నాళ్లకు సత్యవతి తన చెల్లెలు నాగమణిని పనికి తీసుకొచ్చింది. నాగమణి ఊడ్పులకు వెళ్లే మనిషి. చేలన్నీ చెరువులయ్యాక పని లేకుండా పోయింది. చెరువుల వల్ల పని పోయి, చెరువుల మందు ప్యాక్ చేయడానికి వచ్చింది. ఆమె గొంతు ఎలా ఉండేదంటే, ఊడ్పుల్లో ఈ గట్టున పాట అందుకుంటే ఆ గట్టున వాళ్లు పల్లవి కలిపేవారట. షెడ్డులో కూడా పాడేది. నేను గదిలో కూర్చుని వినేదాన్ని. "మా చెల్లి ముందు భయపడిందండీ, మీ మాట చెప్పే తీసుకొచ్చానండీ" అని సత్యవతి నాతో అంది. నేను తలూపాను. ఏడాది తిరిగేసరికి పాట మధ్యలో ఊపిరి తీసుకోవడం మొదలైంది. తర్వాత దగ్గు. తర్వాత పాట లేదు. ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదని అందామనుకున్నాను. గమనించాను. గది తలుపు వేసుకోవడం మొదలుపెట్టాను.

నాకు పెళ్లై కాకినాడ వచ్చేశాను. ఉద్యోగం మానేశాను. బయటపడ్డాననుకున్నాను.

ఏళ్లు గడిచాయి. మా అత్తగారి కళ్లు చూపించడానికి వెళ్లిన సర్కారు పెద్దాసుపత్రిలో, వరండా బెంచీ మీద కూర్చున్న ఒకావిడ "మేడంగారండీ!" అంది. గొంతు గుర్తుపట్టలేదు. ఆ గొంతులో గట్టిదనం లేదు. సగం మాట గాలిలోనే పోతోంది. మొహం చూసి గుర్తుపట్టాను. సత్యవతి. బుగ్గలు పీక్కుపోయాయి. మెడ దగ్గర ప్రతి ఊపిరికీ గుంట పడుతోంది. నన్ను చూసి ఎంత సంబరపడిందో. ఇంకా అక్కడే చేస్తున్నానండీ, ఇప్పుడు ప్యాకెట్లు ఇంటికి కూడా ఇస్తున్నారండీ, ఓపికున్నప్పుడు చేసుకుంటన్నానండీ అంది. నాగమణి పోయిందండీ, దానికి ఉబ్బసమండీ, చిన్నప్పట్నుంచీ అంత గట్టి పిల్ల కాదు లెండి అంది. చిన్నప్పట్నుంచీ! ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినపడేలా పాడే మనిషిని, ఊపిరి లేని పిల్లను చేసేసుకుని సమాధానపడింది. కారణం కావాలి కదా మరి. అసలు కారణం నేను తీసేశాను.

డాక్టరమ్మ మాటలు అర్థం కావటంలేదండీ, మీరు కూడా రండీ అని నా చెయ్యి పట్టుకుంది. లోపలికి వెళ్లాను. డాక్టరు చిన్నపిల్ల, ఓపికగా అడిగింది. దుమ్ములో గానీ పొడిలో గానీ పనిచేస్తావా అమ్మా అని.

"పొడేనండీ. కానీ బరకపొడండీ, గుండెల్లోకి పోదండీ. కొలిచే చెప్పారండీ," అని సత్యవతి నా వైపు తిరిగి వేలు చూపించింది. ఆ మొహంలో గర్వం. "ఈవిడేనండీ ఆ మేడంగారు!"

డాక్టరు నా వైపు చూసింది. అవునా అన్నట్టు.

నేను తలూపాను.

మొదటిసారికి చిన్నతనం అనుకోవచ్చు. భయం అనుకోవచ్చు. ఈ తల ఊపడానికి ఏం పేరు పెట్టను? ఇప్పుడు నాకు ఉద్యోగం లేదు, పేరు రాసిన తలుపు లేదు, పోయేదేమీ లేదు. ఎదురుగా ఒక మనిషి ఊపిరి కోసం కొట్టుకుంటోంది. ఆ మనిషి రేపు మళ్లీ ఆ పొడి ముందే కూర్చుంటుంది. అయినా తలూపాను. అలవాటైన చెయ్యి తలుపు గడియ వేసినట్టు నా తల దానంతటదే ఊగింది. డాక్టరు ఇంకేవో పరీక్షలు రాసింది. సత్యవతి నాకు దణ్ణం పెట్టి వెళ్లింది.

ఆ వారమంతా నేను ఇంట్లో తుడవని వస్తువు లేదు. అటక మీది ఇత్తడి సామాన్లు దింపి తోమాను. ఫ్యాను రెక్కలు విప్పించాను. ఏమైందే నీకు అని మా వారు అడిగితే విసుక్కున్నాను. అన్నం దగ్గర కూర్చుంటే సత్యవతి మెడ దగ్గరి గుంట. నిద్రపడితే నాగమణి పాట. ఇప్పుడు కూడా పీలుస్తూనే ఉంటుంది ఆవిడ అనుకునేదాన్ని, నేను బరకన్న ఆ గింజల్ని. ఆఖరికి ఒక పొద్దున్న అత్తగారికి టిఫిను పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్లాను.

డాక్టరుతో చెప్పాను. మందు పేరు చెప్పాను, పొడి ఎంత సన్నమో చెప్పాను. ఎలా కొలిచానో, ఎలా కొలవాలో, ఏది రాశానో చెప్పాను. నా గొంతు పాఠం చెబుతున్నట్టు ఉంది. ఆ పిల్ల రాయడం ఆపేసింది. సత్యవతి ఇంకా ఆ పని చేస్తోందా అని అడిగింది. చేస్తోందన్నాను. "ఆ పని వెంటనే మానాలి. మందులు కూడా మార్చాలి," అంది. ఆ తర్వాత, "ఆ మాట మీరే చెప్పండి. నేను చెబితే నమ్మరు. మీ మాటే నమ్ముతారు," అంది.

సత్యవతి ఇంటికి వెళ్లాను. మధ్యాహ్నం. అరుగు మీద చేట, పక్కన తెల్లటి పొడి బస్తా, నింపిన ప్యాకెట్లు వరసగా పేర్చి ఉన్నాయి. కూర్చోండి కూర్చోండి అని ఈతాకుల చాప దులపబోయింది. వద్దన్నాను. నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనేమోనని. ఆ రోజు మీరు అడిగినప్పుడు బరక అన్నాను కదా, కాదు, మెత్తన, గుండెల్లోకి దిగేదే, అప్పటికే కొలిచాను, నాకు తెలుసు. తెలిసే అబద్ధం చెప్పాను.

ఆవిడకు మొదట అర్థం కాలేదు. నవ్వబోయింది కూడా, పెద్ద చదువుల వాళ్లేవో అంటారులే అన్నట్టు. మళ్లీ చెప్పాను. ఈసారి నవ్వు ఆగిపోయింది. ప్యాకెట్ల వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను.

"అంటే మా నాగమణిని," అంది. ఊపిరి తీసుకుంది. "చెయ్యట్టుకుని తీసుకొచ్చింది నేను కదండీ."

కాదు సత్యవతి గారూ, నేను, మీరు కాదు, నేను అన్నాను. అన్నానే గానీ అది ఆవిడ దాకా వెళ్లిందో లేదో తెలియదు. నిజం చెప్పడానికి వెళ్లి, నా మీద ఉన్న దాంట్లో ఒక ముక్క ఆవిడ ఒళ్లో పడేసి వచ్చానా? చెప్పకుండా ఉంటే ఆ పొడి ముందు నుంచి లేచేది కాదు. చెబితే చెల్లెలి మరణం ఆవిడదైంది. ఇందులో సరైన దారి ఏదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు గుమ్మంలో నిజం చెప్పి ఉంటే ఈ ప్రశ్నే ఉండేది కాదని మాత్రం తెలుసు.

సత్యవతి బస్తాను కాలితో అవతలికి నెట్టింది. తర్వాత చీర కొంగు తీసి, నా వైపే చూస్తూ, ముక్కూ నోరూ కప్పి తల వెనక గట్టిగా ముడి వేసుకుంది. నా మాట విని విప్పేసిన కట్టు. మళ్లీ ఒక్క కళ్లే కనిపించాయి. ఆ కళ్లలో ఏముందో నేను చదవలేకపోయాను. నేను నిలబడగలిగినంతసేపు నిలబడి వచ్చేశాను.

ఆ పని మానేసిందని తర్వాత డాక్టరు చెప్పింది. నన్ను క్షమించిందో లేదో అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు, ఆశ కూడా పెట్టుకోలేదు. షెడ్డులో మిగతా ఆడవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో వెతుకుతున్నాను. కొందరు దొరికారు. కొందరు లేరు. దొరికిన ప్రతి గుమ్మంలోనూ నిలబడి అదే చెబుతున్నాను. పొడి మెత్తన. నాకు తెలుసు. అబద్ధం చెప్పాను. ఎక్కడా ఎవరూ పోనీలెండి అనలేదు. అనకపోవడమే న్యాయం.

బరువు దిగిందా అంటే లేదు. అది నాతోనే ఉంటుంది. కానీ దాచడం అనే పని ఒకటి నాకు తగ్గింది. ఇన్నేళ్లూ నన్ను కూర్చోనివ్వనిది ఆ పనేనేమో.

ఆ మధ్యాహ్నం సత్యవతి ఇంటి నుంచి తిరిగి వస్తూ బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. సీటు మీద దుమ్ముంది, ఊచల మీద దుమ్ముంది. చేతిసంచిలో గుడ్డ కూడా ఉంది. తుడవకుండా కూర్చున్నాను.